మా వియ్యంకుడి గాజుమడి

మా వియ్యంకుడు పోయిన కబురు నాకు బస్సు డ్రైవరు చెప్పాడు.

ఆ పొద్దున ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. చేతిలో మనవరాలికి కుట్టించిన రెండు గౌన్లు, సంచిలో పచ్చి చెనక్కాయలు. బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు ఇంజను ఆపి, కిందికి దిగి, నేరుగా నా దగ్గరికి నడిచి వచ్చాడు. డ్రైవరు సీటు దిగి ప్రయాణికుడి దగ్గరికి రావడం నా డెబ్బై ఏళ్లలో నేను చూడలేదు. అప్పుడే సంచి కింద పెట్టేశాను.

"పెద్దాయన లేడప్పా. టీ తాగి కుర్చీలో కూసున్నోడు కూసున్నట్టే పోయినాడు," అన్నాడు.

నా ఫోను ఇంట్లో ఛార్జింగుకు పెట్టి మరిచి వచ్చాను. అల్లుడు ఎన్నిసార్లు చేశాడో పాపం. ఆ డ్రైవరు నన్ను తన పక్కన కూర్చోబెట్టుకొని నంద్యాల దాకా తీసుకుపోయాడు. నంద్యాల స్టేషను వెనక సందు మొదట్లో, ఎప్పుడూ ఆగని చోట, బస్సు ఆపాడు. బస్సులో ఒక్కరు కూడా ఎందుకు ఆపావని అడగలేదు.

చదివే మీకు ఆయనెవరో చెప్పాలి. నా కూతురి మామ. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బస్సు నడిపిన మనిషి. నంద్యాల నుంచి బనగానపల్లెకు, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, రుద్రవరానికి, ఏ రోడ్డులో ఏ గుంత ఎక్కడుందో కళ్లు మూసుకొని చెప్పేవాడు. రిటైరయ్యాక కూడా కుర్చీలోంచి లేచేముందు తల కొంచెం కుడివైపు తిప్పి, అక్కడ అద్దమేదో ఉన్నట్టు ఒకసారి చూసి లేచేవాడు. గదిలోంచి బయటికి పోయేటప్పుడు తలుపు చెక్క మీద రెండుసార్లు తట్టి "రైట్ రైట్" అనేవాడు. అది కండక్టరు పని కదా బావా అంటే, ఆ పదవి నాకు ఎవ్వరూ ఇయ్యలేదు, నేనే తీసుకున్నా అనేవాడు.

నేను ఎనిమిదో తరగతి చదివిన రైతును. రాతలో తప్పులుంటే మన్నించండి. ఇంకొక తప్పు కూడా ముందే ఒప్పుకుంటాను. పోయినవాళ్ల గురించి దుఃఖంతో రాయాలి. నాకు దుఃఖం ఉంది. కానీ ఇది రాస్తుంటే నా ఒళ్లో మనవరాలు కూర్చొని కలం లాగుతోంది, దాని చొల్లు కాగితం మీద పడుతోంది, నాకు సంతోషం ఆగడం లేదు. ఈ రెండూ నాకు ఒకే మనిషి వల్ల వచ్చాయి. విడదీసి రాయడం నాకు చేతకాదు.

నా కూతురికి రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నాలుగో నెల పడగానే డాక్టరమ్మ ఒక చిన్న ఆపరేషను చేసి, ఇక మంచం దిగొద్దంది. స్నానాల గదికి తప్ప కాలు కింద పెట్టకూడదు. ప్రయాణం మాట ఎత్తకూడదు. అందువల్ల పురిటికి పుట్టింటికి తీసుకుపోయే దారి లేదు. తీసుకుపోయినా చూసుకోవడానికి నా భార్య లేదు, ఆమె పోయి పన్నెండేళ్లు. వాళ్లది మేడ మీద ఇల్లు. ఇరవై రెండు మెట్లు. ఆపరేషను తర్వాత అల్లుడు ఎత్తుకొని ఆ మెట్లెక్కించాడు. అంతే, ఇక ఐదు నెలలు మా పిల్లకు ఒక గది, ఒక మంచం, ఒక కిటికీ. కిటికీలోంచి కనిపించేది ఎదురింటి నల్ల నీళ్ల ట్యాంకు. ఎడమ పక్కకే పడుకోమన్నారు కాబట్టి అదీ ఎప్పుడో గానీ కనిపించేది కాదు. ఎడమ పక్కకు తిరిగితే గోడ. గోడ మీద సున్నం పెచ్చులు ఎన్ని ఉన్నాయో చెప్పు నాయనా, నాకు తెలుసు, అని నాతో ఒకరోజు అంది.

ఆ ఇంట్లో అట్లా చిక్కుకున్న రెండో మనిషి మా వియ్యంకుడు. ఆయన గుండె బలహీనంగా ఉందని, మెట్లు ఎక్కి దిగడం మానేయమని డాక్టరు చెప్పాడు. రోజుకు వందల మందిని ఊళ్లు దాటించిన మనిషి సందు చివర టీ కొట్టుకు పోలేడు. ఎప్పటినుంచో ఆయనకు ఇంట్లో చేపల తొట్టి ఉంది, మూడడుగుల గాజుతొట్టి. కోడలు మంచాన పడిన వారానికి చేపలన్నీ తెలిసినవాళ్లకు ఇచ్చేసి, తొట్టి కడిగించి, ఇద్దరు మనుషులతో మోయించి ఆమె మంచానికి ఎడమ పక్కన, ఆ గోడకు ఆనించి పెట్టించాడు. గోడ కనపడకుండా.

ఎన్నాళ్లు మామా ఇట్ల, అని మా పిల్ల అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు. "స్టేజీ వచ్చినప్పుడు నేనే చెప్తా. నువ్వు ఊరికే కూసో."

ఇక నా సంగతి. కూతురికి బిడ్డ పుట్టేదాకా ఆమె అత్తగారింట్లో తండ్రి చెయ్యి కడగకూడదని మా ఇండ్లల్లో పట్టింపు ఉంది. ఇప్పుడు చాలామంది వదిలేశారు. నేనూ వదిలేశాను, పెళ్లైన ఏడాది వాళ్ల మేడ ఇంటి గృహప్రవేశంలో కడుపునిండా తిన్నాను. నెల తిరక్కుండా మొదటి కడుపు పోయింది. రెండోసారి జాగ్రత్తగా ఉన్నాను, కానీ ఎండన పడి పోయినప్పుడు ఒక గ్లాసు మజ్జిగ తాగాను. అదీ పోయింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. నాకు నేనే అనుకున్నాను. మూడోసారి ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

పొలం కౌలుకిచ్చి రోజూ పొద్దున బస్సుకు నంద్యాల పోయేవాణ్ణి. పదింటికి మెట్లెక్కి పిల్ల పక్కన కూర్చునేవాణ్ణి. మధ్యాహ్నం పని ఉందని చెప్పి దిగి, బస్టాండుకు నడిచి, సంచిలోని టిఫిన్ బాక్సు తెరిచి సంగటిముద్ద, ఊరిబిండి పచ్చడి తినేవాణ్ణి. మళ్లీ పోయి సాయంత్రం దాకా ఉండి ఊరికి తిరిగేవాణ్ణి. వియ్యపురాలు రోజూ బువ్వ తినిపొమ్మనేది, నేను రోజూ తిన్నానని అబద్ధం చెప్పేవాణ్ణి.

బస్టాండులో ఉన్న డ్రైవర్లంతా మా వియ్యంకుడి శిష్యులేనని నాకు తోచలేదు. వాళ్లలో ఎవరో ఆయనకు ఫోన్ చేసి, మీ వియ్యంకుడు దినామూ మధ్యాహ్నం ఆళ్లగడ్డ ప్లాట్‌ఫారం మీద ఒక్కడే కూర్చొని బాక్సు తింటున్నాడని చెప్పారు. మా వియ్యంకుడు ఆ విషయం నా ముందు ఎత్తలేదు. ఎత్తి ఉంటే సిగ్గుతో నేను చచ్చేవాణ్ణి. మరుసటి రోజు నేను మెట్లెక్కగానే కుర్చీలోంచే అన్నాడు.

"బావా, రేపట్నుంచి నువ్వు చుట్టంగా రావద్దు. కూలికి రా."

"కూలికా? ఏం పని?"

"నాట్లు. ఈ తొట్టిలో. నాకు వంగితే ఆయాసం, కోడలు లేవకూడదు. మనిషి కావల్ల." నా మొహం చూడకుండా అన్నాడు. "కూలోనికి పనిచేసిన ఇంట్లో బువ్వ పెడతారు. పెట్టకుంటే మాకు మర్యాద కాదు. తినకూడదనేది చుట్టానికి. కూలోనికి యాడుంది పట్టింపు?"

నా పొలంలో నాటుకు వచ్చిన వాళ్లెవరూ గట్టు మీద తినడానికి వెనకాడలేదు. ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో వంటగది గడప దగ్గర, కూలివాడిలా, నేల మీద కూర్చొని తిన్నాను. కొర్రబువ్వ, వంకాయ పులుసు. మా పిల్ల మంచం మీదనుంచి నేను తింటున్న చప్పుడు విని ఏడ్చిందంట. నాకు తర్వాత తెలిసింది.

పని ఏమిటో చెబుతాను. చేపల తొట్టి అడుగున పచ్చిక పరిచినట్టు పెరిగే పొట్టి మొక్కలుంటాయి. అంగడి వాళ్లు కార్పెట్ మొక్కలంటారు. ఆకు పెసరగింజంత. ఒక చిన్న డబ్బాలో అరచేయంత ముద్దగా వస్తాయి. వాటిని రెండు మూడు ఆకులకొక తుంపుగా విడదీసి, నల్లటి గుళికల్లాంటి మట్టిలో, సన్నని పటకారుతో, వేలి కణుపంత దూరంలో ఒక్కొక్కటే నాటాలి. నాటి నీళ్లు పోయకూడదు. అదీ విచిత్రం. మట్టి తడిగా ఉండాలి, పైన నీళ్లు నిలవకూడదు. తొట్టి మూతికి పలచటి ప్లాస్టిక్ కాగితం బిగించి, రోజుకు ఒక్కసారి తీసి, కొంచెం గాలి పోనిచ్చి, ఇస్త్రీ వాళ్లు బట్టల మీద చిమ్మే సీసాతో నీళ్లు చిమ్మి, మళ్లీ మూయాలి. పైన లైటు. అట్లా రెండు నెలలుంటే వేళ్లు మట్టిని పట్టుకొని, కొసలు పాకి, నేలంతా కప్పుకుంటాయి. అప్పుడు నీళ్లు పోస్తే కదలవు. ముందే పోస్తే తేలిపోతాయి.

ఇదంతా ఆయన ఫోనులో చూసి నేర్చుకున్నాడు. నాకు నచ్చలేదు. యాభై ఏళ్లు వరి నాటిన చేతులివి. నారు పెరికి, బురదలో గుచ్చి, ఆ పూటే మడికి నీళ్లు కట్టకుండా ఇంటికి పోయిన రోజు నాకు లేదు. రెండో రోజున నేను కాగితంలో చిటికెడు యూరియా పొట్లం కట్టుకొని పోయాను. ఆయన అది చూసి దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"రైతు బావా, ఇది యూరియా తినే వరి దుబ్బు కాదు. నీ పొట్లం జేబులో పెట్టుకో. చేపలొచ్చినాక అది వాటికి తద్దినం."

"చేపలు యాడుండాయి ఇప్పుడు?" అన్నాను.

"చేపలు ప్యాసింజర్లు బావా. వస్తాయి, పోతాయి. ముందు రోడ్డు బాగుండల్ల."

ఆయన నీళ్లు చిమ్ముతుంటే మా వియ్యపురాలు తలుపు దగ్గర నిలబడి, ముప్పై ఏండ్ల కాపురంలో నా మొగాన ఇన్ని పన్నీళ్లు చల్లింది లేదు అనేది. ఆయన ఆ సీసా ఆమె వైపు తిప్పేవాడు. మా పిల్ల పడుకొనే నవ్వేది. నవ్వితే ఆపరేషను కుట్లు లాగుతాయేమోనని నాకు భయం, నవ్వకపోతే ఇంకో భయం.

అట్లా పదహారు రోజులు బాగానే సాగింది. పదిహేడో రోజు నేను చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.

గుండె పరీక్షకని ఆయన్ను కుర్చీలో మోయించుకొని అల్లుడూ వియ్యపురాలూ పోయారు. నేను కాపలా. పిల్ల నిద్రపోతోంది. ఎండ మండిపోతోంది, కరెంటు పోయింది, తొట్టి మీద లైటు ఆరిపోయింది. చూస్తే నాలుగైదు తుంపుల కొసలు పసుపు తిరిగాయి. నాటిన మడి ఎండుతుంటే గట్టు మీద కూర్చొని చూసినవాణ్ణి కాను నేను. ప్లాస్టిక్ కాగితం తీసేశాను. బకెట్టులో నీళ్లు తెచ్చి, జానెడు లోతున, మడికి కట్టినట్టు కట్టాను. మనసు చల్లబడింది. గోడకు ఆనుకొని కునుకు కూడా తీశాను.

లేచేసరికి మా పిల్ల కళ్లు తెరిచి తొట్టినే చూస్తోంది. నల్లటి బురద నీళ్లు. పైన నేను నాటిన తుంపులన్నీ వేళ్లతో సహా తేలుతున్నాయి. ఒక్కటి మట్టిని పట్టుకొని లేదు.

మా పిల్ల నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మెల్లగా ఇటు, ట్యాంకు కనిపించే కిటికీ వైపు తిరిగి పడుకుంది. అటు పడుకోకూడదమ్మా అన్నా తిరగలేదు. మరుసటి రోజు పొద్దున ఆమెకు కొంచెం రక్తం కనిపించింది. పరుగున డాక్టరమ్మ ఇంటికే వచ్చి చూసి, భయం లేదు, కదలకుండా ఉండమని చెప్పి పోయింది. నాకు మాత్రం అంతా తేటగా అర్థమైనట్టు అనిపించింది. నా చెయ్యి తగిలితే ఏదీ నిలవదు. నేను ఆ ఇంట్లో పదహారు రోజులు తిన్నాను. కూలివాణ్ణని దేవుణ్ణి మోసం చేయబోయాను.

తొమ్మిది రోజులు నంద్యాల పోలేదు. జ్వరమని ఫోనులో చెప్పాను. ఇంట్లో ఉండలేక, చేతులాడించే పని లేక, కోత కోసిన చేని గట్టు మీద కూర్చొని ఉండేవాణ్ణి. పోవడానికి కాలు రాదు, ఉండడానికి మనసు రాదు. బస్సు హారను వినిపిస్తే లేచి నిలబడి మళ్లీ కూర్చునేవాణ్ణి.

పదో రోజు గట్టు మీద దూరంగా ఒక మనిషి వస్తూ కనిపించాడు. పదడుగులు నడుస్తాడు, నిలబడతాడు. నడుస్తాడు, నిలబడతాడు. మెట్లు దిగకూడని మనిషి, ఇరవై రెండు మెట్లు దిగి, నంద్యాల నుంచి బస్సెక్కి, ఆ ఎండలో నా చేను వెతుక్కుంటూ వచ్చాడు. నేను పరుగెత్తి పోయి పట్టుకున్నాను. గట్టు మీద కూర్చోబెట్టి నా తువ్వాలు తడిపి తల మీద వేశాను. ఆయాసం తగ్గాక ఆయన మొదటి మాట ఇది.

"కూలోడు చెప్పాపెట్టకుండా మానేస్తే ఎట్ల?"

"నా చెయ్యి మంచిది కాదు బావా. నేను ఆడ తిన్నప్పుడల్లా..." అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. తర్వాత కోసిన మొదళ్ల వైపు చూశాడు.

"ఇన్నాళ్లూ ఇదా నువ్వు మోస్తాండేది," అన్నాడు. "విను. నీకు చెప్పొద్దని కోడలు ఒట్టేయించుకుంది, నాయన ముందర సిగ్గని. గర్భసంచి నోరు వదులంట. బరువు పడితే ఆపలేదంట. మొదటిసారీ అదే, రెండోసారీ అదే. అప్పుడు పసిగట్టలే, ఇప్పుడు పసిగట్టి కుట్టేసినారు. నీ బువ్వకూ దానికీ ఏం సంబంధం ల్యా. నీ మజ్జిగకు అసలే ల్యా."

రెండేళ్లు నేను మోసినదాన్ని ఆ మనిషి రెండు మాటలతో దింపి గట్టు మీద పెట్టాడు. ఆడపిల్ల ఒంటి సంగతి తండ్రికి ఎవరు చెబుతారు? తల్లి ఉంటే తల్లికి చెప్పేవాళ్లు, తల్లి నాకు చెప్పేది.

ఆయన ఇంకా అన్నాడు. "నేను దిగకూడదంట. ఆ పిల్ల లేవకూడదంట. మొక్కల మూత తియ్యకూడదంట. అందరం మూతేసుకొని కూసున్నాం. బయటినుంచి వచ్చేవోడివి నువ్వొక్కడివే. పొద్దున పది అయితే ఆ పిల్ల మెట్ల చప్పుడు కోసం చెవి పెట్టి ఉంటాది. నువ్వు గూడా రాకుంటే మాకు గాలి యాడిది బావా?"

ఆ రోజు ఇద్దరం ఒకే బస్సులో పోయాం. డ్రైవరు ఆయన్ను చూసి బెదిరిపోయాడు, ఎట్లా దిగివచ్చావు సారూ అని తిట్టాడు కూడా. ఆ ఇరవై రెండు మెట్లూ ఆయన ఎక్కడానికి ముప్పావుగంట పట్టింది. ప్రతి మూడు మెట్లకు కూర్చున్నాం. పైన మా వియ్యపురాలు నిలబడి ఏడుస్తూ ఆయన్ను నానా మాటలూ అంటోంది. ఆయన ఆయాసపడుతూనే, ఎక్స్‌ప్రెస్ కాదే ఇది, పల్లెవెలుగు, అన్ని స్టేజీల్లో ఆగుతాది అన్నాడు.

మళ్లీ నాటాం. ఈసారి ఒక మార్పు. తేలిన తుంపుల్లో బతికినవి, కొత్తగా తెప్పించిన డబ్బాలోవి కలిపి ఒక స్టీలు పళ్లెంలో పోసి మా పిల్ల ముందు పెట్టాడు. ఆమె ఎడమ పక్కకు పడుకొని, కుడి చేత్తో, చిన్న కత్తెరతో ఒక్కొక్క తుంపు వేరుచేసి ఇచ్చింది. నేను నాటాను. ఆయన కుర్చీలో కూర్చొని, ఎడమకు, ఇంకొంచెం ఎడమకు, ఆపు, అని రివర్సు చేయించే క్లీనరులా చెప్పాడు. మూడు రోజులు పట్టింది. నెలల తర్వాత నా కూతురి చేతికి పని దొరికింది. పని ఉన్నవాళ్లకు పొద్దు ఎట్లా పోతుందో మంచాన పడినవాళ్లకే తెలుస్తుంది.

తర్వాత రోజూ పదింటికి నేను పోవడం, ప్లాస్టిక్ కాగితం ఎత్తడం. లోపలి వైపు నీటి చుక్కలు అంటుకొని ఉండేవి. తీయగానే తడిమట్టి వాసన గదంతా నిండేది, మా పిల్ల కళ్లు మూసుకొని పీల్చేది. బయట మేనెల ఎండ. నీళ్లు కడదామని నా చేతులు రోజూ దురద పెట్టేవి. ఆయన నా చేతుల వైపే చూస్తూ ఉండేవాడు. ఒకసారి తెల్లటి బూజు వచ్చింది, మా పిల్లే ముందు చూసింది, దూది పుల్లతో తీయించింది. ఒకరోజు గాజు అంచున మట్టిలోకి దిగిన వేరు కనిపించిందని నాకు ఫోన్ చేసింది. దారం పోగులాంటి తెల్లటి వేరు. దాని కోసం ఆ సాయంత్రం నా బస్సు వదులుకొని చూస్తూ కూర్చున్నాను. పట్టుకుంది, నాయనా, ఇంక వదలదు, అంది మా పిల్ల. ఆమె మొక్క గురించే అంది.

నొప్పులు మొదలైన పొద్దున డిపో నుంచి నలుగురు వచ్చారు, ఆయన పిలిచినవాళ్లే. కుర్చీలో కూర్చోబెట్టి ఆమెను ఆ మెట్లు దింపారు. ఆయన పై మెట్టు మీద గోడ పట్టుకొని నిలబడ్డాడు. ఆమె తల పైకెత్తి ఆయన కోసం చూసింది.

"నీ స్టేజీ వచ్చిందమ్మా. జాగర్తగా దిగు," అన్నాడు.

ఇంట్లో మేమిద్దరమే మిగిలాం, మధ్యలో ఫోను. మధ్యాహ్నం రెండున్నరకు మోగింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. నేను ఏమి చేశానో నాకు గుర్తు లేదు. ఆయన చెప్పాడు, నేను లేచి తొట్టి గాజుకు ముద్దు పెట్టానంట. అయ్యుండొచ్చు. ఆ వేళ నాకు ఏది దొరికితే దానికి పెట్టేవాణ్ణి.

ఆయన లేచి వంటగదిలోకి పోయాడు. పొద్దుటి బువ్వ, పెరుగు, చెనక్కాయ పచ్చడి తెచ్చాడు. నేను అలవాటు ప్రకారం గడప దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆయన కాలితో పీట జరిపి నడవ మధ్యలో వేశాడు.

"ఆడ కాదు. కూలి అయిపాయ. ఈడ కూసో, మా ఇంటి చుట్టమా."

తనే వడ్డించాడు, వంగితే ఆయాసమని తెలిసీ వంగి వడ్డించాడు. నా జీవితంలో చాలా విందులు తిన్నాను. ఆ పెరుగన్నం రుచి మాత్రం ఇంకెక్కడా లేదు.

బిడ్డను, తల్లిని ఆళ్లగడ్డకు తెచ్చుకున్నాను. మా చెల్లెలు వచ్చి ఐదు నెలలు చూసుకుంది. ఆ ఐదు నెలలూ ఆయన తొట్టిలో చుక్క నీళ్లు పోయలేదు. పచ్చిక గాజుకు నాలుగు వైపులా ఆనుకొని పొంగిపోతున్నా, చిమ్మే సీసాతోనే బతికించాడు. నీళ్లు పోసే హక్కు కోడలిది అన్నాడు. ఆమె బిడ్డను ఎత్తుకొని, తన కాళ్లతో, ఇరవై రెండు మెట్లూ ఎక్కి వచ్చిన రోజు, పచ్చిక మీద ఒక పళ్లెం పెట్టించి, దాని మీద సన్నని ధారగా ఆమె చేత పోయించాడు. ఒక్క తుంపు తేలలేదు. సాయంత్రానికి ప్రతి ఆకు మీద ఒక బుడగ, మెరుస్తూ. ఆయన మనవరాలిని ఒళ్లో పెట్టుకొని, బిడ్డ తొట్టిని చూస్తుంటే తను బిడ్డను చూశాడు.

నీళ్లు కుదురుకోవాలి, నెల తర్వాత చేపలన్నాడు. ఆ నెల నిండకముందే పోయాడు.

పెద్దదినం నాడు డిపో వాళ్లు చాలామంది వచ్చారు. భోజనాలయ్యాయి. మా పిల్ల కత్తెర తీసుకొని తొట్టి దగ్గరికి పోయింది. పచ్చిక మందమైపోయింది, పైన కత్తిరించకపోతే అడుగున కుళ్లుతుందని ఆయన నేర్పి ఉన్నాడు. ఆమె చేతులు మోచేతుల దాకా నీళ్లలో పెట్టి కత్తిరిస్తుంటే తుంపులు పైకి తేలాయి. వాటిని పళ్లెంలోకి తీసింది. నా కోసం చేని దాకా వచ్చిన రోజు ఆయన్ను ఎక్కించుకున్న డ్రైవరు పక్కనే నిలబడి, ఇవి పారేస్తారామ్మా అని అడిగాడు. లేదన్నా, నాటితే బతుకుతాయి అంది మా పిల్ల. ఆ డ్రైవరు చేతిలో సగం తాగిన నీళ్ల సీసా ఉంది, ముందుకు చాపాడు. ఆమె అందులో పిడికెడు వేసింది. ఆయన వెనక ఇంకొకరు సీసా చాపారు. ఆయన వెనక ఇంకొకరు. మా పిల్ల చంకలో బిడ్డతో మెట్ల కింది దాకా దిగి, సందు మొదటి దాకా నడిచి, అందరికీ వేసి పంపింది.

నేను సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డకు తిరిగాను. మాకు ఎదురుగా రుద్రవరం నుంచి వచ్చే బస్సు దాటింది, వెనక బనగానపల్లె బస్సు మలుపు తిరిగి పోయింది. మా డ్రైవరు ముందు, పెద్ద అద్దం కింద, దేవుడి పటం పక్కన, ఆ సీసా నిలబెట్టి ఉంది. గుంత వచ్చినప్పుడల్లా లోపల పచ్చటి తుంపులు లేచి, ఎండలో వెలిగి, మళ్లీ మెల్లగా కిందికి దిగుతున్నాయి.